కుప్ప, మాట, అంకె: మూడూ కలిస్తేనే లెక్క



జూన్‌లో బడులు తెరుస్తారు. మూడేళ్లో నాలుగేళ్లో నిండిన బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఇదే మాట. ఏ బళ్లో వేద్దాం, ఫీజు ఎంత, వ్యాను ఊళ్లోకి వస్తుందా రాదా. చుట్టం ఎవరైనా ఇంటికొస్తే బిడ్డను పిలిచి, "మామయ్యకు వన్ టూ త్రీలు చెప్పు నాన్నా" అంటాం. బిడ్డ గుక్క తిప్పుకోకుండా వంద దాకా చెప్పేస్తుంది. మనం మురిసిపోతాం, లెక్కలు వచ్చేసినాయి అనుకుంటాం.

ఒక్క పని చేసి చూడండి. ఆ బిడ్డ ముందు చింతగింజలు ఒక పదకొండు పోసి, "ఇవి ఎన్ని నాన్నా?" అని అడగండి. చాలామంది బిడ్డలు నోటితో గబగబా అంకెలు చెప్తూ, వేలిని మాత్రం ఇష్టమొచ్చినట్టు తిప్పుతారు. ఒక గింజను రెండుసార్లు లెక్కపెడతారు, ఇంకోదాన్ని వదిలేస్తారు. వంద దాకా చెప్పిన నోరే పదకొండు గింజల దగ్గర తప్పుతుంది. తప్పు బిడ్డది కాదు. మనం నేర్పింది పాట. పాట అవసరమే, దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే లెక్కలో అది మూడో వంతు మాత్రమే.

నేను ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి, అయ్యవారిని కాదు. అయినా మడిలో, కల్లంలో, కాటా దగ్గర ఇన్నేళ్లు గడిపినాక నాకు తెలిసింది ఇది. లెక్క అంటే మూడు కలవాలి. ఒకటి కుప్ప, అంటే కంటి ముందు ఉన్న వస్తువులు. రెండోది మాట, అంటే "ఏడు" అని మనం పలికేది. మూడోది అంకె, అంటే కాగితం మీద 7 అని రాసేది. ఈ మూడింటిలో ఏది చూపించినా మిగతా రెండూ బిడ్డ మనసులోకి రావాలి. ఏడు గింజలు చూస్తే "ఏడు" అనాలి, 7 రాయాలి. 7 చూస్తే ఏడు గింజలు తీసి ఇవ్వాలి. ఈ ముడి పడే వయసు మూడు నుంచి ఆరేళ్లు. ఆ వయసులో బిడ్డ బడిలో ఉండే గంటలకన్నా మన ఇంట్లో, మన చుట్టూ తిరిగే గంటలే ఎక్కువ. అందుకే ఈ పని మొదట మనది అంటున్నాను.

మీ బిడ్డ ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి మూడు చిన్న పరీక్షలు చెప్తాను.

మొదటిది. అయిదు గింజలు వరసగా పెట్టి లెక్కపెట్టమనండి. ఒక గింజకు ఒకే మాట పడాలి. ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. ఇది రాకపోతే ఇంకా పాట దగ్గరే ఉన్నట్టు.

రెండోది. లెక్కపెట్టడం అయిపోగానే, "అయితే మొత్తం ఎన్ని?" అని అడగండి. బిడ్డ మళ్లీ "ఒకటి, రెండు, మూడు..." అని మొదలుపెడితే, ఆఖరున చెప్పిన మాటే మొత్తం అనే సంగతి ఇంకా అందలేదని అర్థం. పెద్దోళ్లకు ఇది ఒక సంగతే అనిపించదు. బిడ్డకు మాత్రం ఇది పెద్ద గడప. దాటడానికి నెలలు పడుతుంది. ముందు ఒకటి అంటే తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, ఆ తర్వాత మూడు. అంతదాకా ఓర్పు పట్టాలి.

మూడోది. అవే అయిదు గింజల్ని దూరం దూరంగా జరిపి, "ఇప్పుడు ఎన్ని?" అని అడగండి. "ఎక్కువైనాయి" అంటే కంగారు పడొద్దు. పరిచిన వడ్లు కుప్ప పోసిన వడ్లకన్నా ఎక్కువగా కనిపించడం మనకూ మామూలే గదా. జరిపినంత మాత్రాన లెక్క మారదని చేతులతో జరిపీ జరిపీ తెలుసుకోవాలి.

మన శ్రీహరికోట చుట్టుపక్కల పిల్లలకు ఒక అదృష్టం ఉంది. వేరే ఊళ్ల పిల్లలు ముందుకు లెక్కపెట్టడం నేర్చుకుంటుంటే, మన పిల్లలు వెనక్కి కూడా లెక్కపెడతారు. రాకెట్ పోయే రోజు సూళ్లూరుపేట మిద్దెల మీద చూడండి, బుడ్డోళ్లంతా టెన్, నైన్, ఎయిట్ అని అరుస్తుంటారు. వెనక్కి లెక్కపెట్టడం వచ్చిన బిడ్డకు తీసివేత సగం వచ్చినట్టే. పదిలో ఒకటి తీస్తే తొమ్మిది, ఇంకోటి తీస్తే ఎనిమిది. కాకపోతే ఇక్కడా పాటతో ఆపేస్తున్నాం. పది గింజలు ముందు పెట్టండి. ఒక్కో అంకె చెప్పినప్పుడల్లా ఒక్కో గింజ తీసి గిన్నెలో వేయమనండి. సున్నా దగ్గరికి వచ్చేసరికి నేల మీద ఏమీ మిగలదు. సున్నా అంటే ఏందో బిడ్డకు కంటితో చూపించడానికి దీన్ని మించిన దారి నాకు కనపడలేదు.

వంద అనే మాట కూడా అంతే. 1979 ఆగస్టు 10న మన కోట నుంచి మొదటి ఎస్‌ఎల్‌వీ లేచింది. అది బంగాళాఖాతంలో పడిపోయింది. మళ్లీ 1980 జులై 18న లేచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అట్టా ఒక్కొక్కటే లెక్క కలుపుకుంటూ వస్తే, 2025 జనవరి 29 పొద్దున జీఎస్‌ఎల్‌వీ ఎఫ్-15తో నూరోది అయింది. నలభై అయిదేళ్లు దాటింది వంద పూర్తి కావడానికి. బిడ్డ నోటితో చెప్పే వంద ఒక నిమిషంలో అయిపోతుంది. వంద ఎంత పెద్దదో తెలియాలంటే వంద గింజలు పది పదిగా కుప్పలు పెట్టి చూడాల్సిందే. పది కుప్పలు, ఒక్కో కుప్పలో పది. అది చూసిన బిడ్డకు 100లో ఒకటి పక్కన రెండు సున్నాలు ఎందుకున్నాయో తర్వాత అయ్యవారు చెప్తే చప్పున ఎక్కుతుంది.

ఇప్పుడు, ఇదంతా మన రైతులకు ఎందుకు అనేవాళ్లకు చెప్తాను.

మనది పుట్టి లెక్క. పుట్టి అంటే 850 కేజీలు. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే పుట్టికి 20,136 రూపాయల చిల్లర. కాటా దగ్గర తేమ అనో తాలు అనో పుట్టికి 30 కేజీలు తరుగు తీస్తే 710 రూపాయలు పోయినట్టు. పది పుట్లకు 7,100. ఈ లెక్క లారీ కదలకముందే తేలాలి. ఇంటికొచ్చి పిల్లోడి ఫోన్‌లో చూసుకుంటే అప్పటికి వడ్లు మిల్లుకు చేరిపోయి ఉంటాయి. వడ్డీ చూడండి. నూటికి రెండు రూపాయలు అంటే చిన్నదిగా వినపడుతుంది. అది నెలకు. ఏడాదికి 24. బ్యాంకు పంట రుణం 7 శాతం అంటే ఏడాదికి 7. స్థలం చూడండి. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. పేరు ఒకటే, కొలత సగం. 2022లో మన మండలాలు తిరుపతి జిల్లాలో కలిసినాయి, కొనేవాళ్లు రెండు వైపుల నుంచీ వస్తుండారు. మాట విని సరే అంటే సగం భూమి మాటలోనే పోతుంది. అంకె అడిగి చూసుకునేవాడికే నష్టం రాదు. మందు డబ్బా మీద మోతాదు, గడువు తేదీ, ఫోన్‌కు వచ్చే ఓటీపీ, అన్నీ అంకెలే. ఈ రోజు మన ఒళ్లో కూర్చుని గింజలు లెక్కపెట్టే బిడ్డే రేపు ఆ కాటా దగ్గర నిలబడాల్సింది.

"మనోళ్లకు చదువు రాకపోయినా లెక్కలు నోటితో గిర్రున తేల్చేస్తారు, ఆ తెలివి పిల్లలకూ వస్తుందిలే" అని చాలామంది అంటారు. ఇందులో నిజం ఉంది. మా తాతల కాలంలో కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాళ్లు కాదు, "లాభం" అనేవాళ్లు. లాభం, రెండు, మూడు అంటూ రాశి మొత్తం తప్పు లేకుండా కొలిచేవాళ్లు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, ఇరవై తూములు పుట్టి. ఒక్క అక్షరం రాకుండానే ఇవన్నీ నోటి మీద ఉండేవి. బస్తాలు బండికి ఎత్తేటప్పుడు బస్తాకు ఒక పుల్ల పక్కన పెట్టేవాళ్లు. గోడ మీద బొగ్గుతో నాలుగు గీతలు గీసి అయిదో గీత అడ్డంగా కొట్టేవాళ్లు. ఆ తెలివిని ఎవరూ కాదనలేరు.

కానీ ఆ తెలివి దానంతట అది కాగితం మీదికి దిగదు. ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. నోబెల్ బహుమతి వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఇంకా కొందరు కలిసి కలకత్తా, ఢిల్లీ సంతల్లో అంగళ్ల మీద పనిచేసే దాదాపు 1,400 మంది పిల్లల్ని పరీక్ష చేసినారు. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో అది వచ్చింది. వాళ్లు అడిగిన లెక్కలు ఎట్టాంటివంటే: కేజీ 20 రూపాయల ఉర్లగడ్డలు 800 గ్రాములు, కేజీ 15 రూపాయల ఎర్రగడ్డలు కేజీ నాలుగు వందలు. 200 నోటు ఇస్తే చిల్లర ఎంత? మీరూ ఒకసారి నోటితో చేసి చూడండి. 16కు 21 కలిపితే 37, చిల్లర 163. ఆ పిల్లల్లో దాదాపు అందరూ ఇట్టాంటివి కాగితం లేకుండా చెప్పేసినారు. అదే పిల్లలకు బడిలో ఇచ్చే భాగహారం కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయినారు. కలకత్తాలో చేయగలిగినవాళ్లు మూడో వంతే. ఇటు అంగడి ఎక్కని బడిపిల్లలేమో కాగితం లెక్క చేసినారు గానీ సంత లెక్క దగ్గర తడబడినారు.

దీన్ని బట్టి ఏం తెలుస్తుంది? సంత పిల్లలకు కుప్ప, మాట కలిసినాయి, అంకె కలవలేదు. బడి పిల్లలకు మాట, అంకె కలిసినాయి, కుప్ప కలవలేదు. ఇద్దరికీ తెలివి ఉంది, ఇద్దరికీ ముడి పడలేదు. మన ఊళ్ల పిల్లలు పొద్దున బడికి పోతారు, సాయంత్రం మన వెంట మడికి వస్తారు. రెండు సగాలూ వాళ్ల చేతిలోనే ఉండాయి. ఆ రెంటినీ కలిపి చూపించే మనిషి లేకనే పోతోంది.

ప్రథమ్ సంస్థ ఊరూరా తిరిగి చేసే అసర్ సర్వే 2024 లెక్క చెప్తాను. దేశం మొత్తం మీద పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. అయిదో తరగతిలో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు. మిగతా ఇద్దరూ మొద్దు పిల్లలు కాదు. కింద పునాదిలో ఎక్కడో ఇటుక జారి ఉంటుంది. మీ ఇంట్లో రెండో తరగతి పిల్లోడిని "నూట అయిదు రాయి" అనండి. చాలామంది 1005 అని రాస్తారు. నూరు అని వినపడింది కాబట్టి 100, అయిదు అని వినపడింది కాబట్టి పక్కన 5. వాడి చెవికి అది సరిగ్గానే ఉంది. వంద గింజల కుప్ప, పక్కన అయిదు గింజలు పెట్టి, పదుల కుప్ప విడిగా ఏమీ లేదు కాబట్టి నడుమ ఒకే సున్నా అని చూపించినవాళ్లు లేరు, అంతే.

"అంగన్‌వాడీ ఉంది, బడి ఉంది, వాళ్ల పని వాళ్లు చేయరా?" అని అడగొచ్చు. చేస్తారు. కానీ అక్కడ ఒక్క టీచరమ్మ. మూడేళ్ల బిడ్డ నుంచి ఆరేళ్ల బిడ్డ దాకా అందరూ ఒకే గదిలో. వాళ్లకు అన్నం పెట్టాలి, బరువు తూచాలి, రిజిస్టర్లు రాయాలి. అందరితో పాట పాడించడం ఆమెకు కుదురుతుంది గానీ ఒక్కొక్క బిడ్డ వేలు ఏ గింజ మీద పడిందో చూడటం ఎట్టా కుదురుతుంది? అది ఒడిలో కూర్చోబెట్టుకునే అవ్వకు, తాతకు కుదిరే పని. డబ్బు పోసి పెద్ద బళ్లో వేసినా ఇదే సంగతి. అక్కడ నోటుపుస్తకం నిండా 1 నుంచి 100 దాకా రాయించి పంపుతారు. పుస్తకం నిండింది కదా అని మనం సంతోషపడతాం. చేతికి రాత అలవాటైంది, నిజమే. లెక్క అలవాటైందా అని అడిగి చూసుకోవాల్సింది మనమే.

ఇంకో మాట, తెలుగు అంకెల గురించి. ఇంగ్లీషు మీడియం మీద నాకు పేచీ లేదు, పిల్లలకు ఇంగ్లీషు రావాల్సిందే. అయితే మొదటి లెక్క మాత్రం తెలుగులో మొదలుపెట్టండి. కారణం చెప్తాను. "నలభై మూడు" అన్నప్పుడు ముందు నలభై వినపడుతుంది, తర్వాత మూడు. రాసేటప్పుడూ ముందు 4, తర్వాత 3. చెవికీ చేతికీ ఒకే వరస. "పదమూడు"లో పది ముందుంది, మూడు వెనక ఉంది. 13 కూడా అట్టానే రాస్తాం. ఇంగ్లీషులో థర్టీన్ అన్నప్పుడు ముందు వినపడేది మూడు, పది తర్వాత వస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునే బిడ్డ 13కు బదులు 31 రాస్తుంది. పైగా థర్టీన్, థర్టీ రెండూ చెవికి ఒకటిగానే ఉంటాయి. ఇంగ్లీషు వాళ్ల పిల్లలకే ఆ తిప్పలు ఉన్నప్పుడు మన పిల్లల సంగతి చెప్పాలా? తెలుగులో పట్టు దొరికాక ఇంగ్లీషు పేరు తగిలించడం తేలిక. మన రాష్ట్రంలో సర్కారు బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఇస్తుండారు. ఆ తెలుగు పేజీని వదిలేయకండి, ముందు అదే చదివించండి.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. అన్నం తినడానికి ఫోన్‌లో అంకెల పాటలు పెట్టేస్తుండాం. పాట వస్తుంది, రంగుల్లో అంకె కూడా కనపడుతుంది. చేతికి మాత్రం ఏమీ తగలదు. గింజను పట్టుకుని జరిపితేనే ఒకటి అయిపోయింది, ఇంకొకటి ఉంది అని బిడ్డకు తెలిసేది. తెర మీద అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి. ఆపేయమని నేను చెప్పినా ఎవరూ ఆపరు. ఫోన్‌లో విన్నదాన్ని ఆ రోజే గింజలతో ఒకసారి చేయించండి, చాలు.

ఇంక ఏం చేయాలో చెప్తాను. కొనాల్సింది ఒక్కటీ లేదు.

ఇంట్లో: అన్నానికి కూర్చునేటప్పుడు కంచాలు బిడ్డతో పెట్టించండి. మనిషికి ఒక కంచం. ఒకటి తక్కువైతే ఎవరికి లేదో తనే చూసుకుంటుంది. కోడిగుడ్లు తీసేటప్పుడు నిన్న ఎన్ని, ఈ రోజు ఎన్ని అని అడగండి. జత అంటే రెండు, పుంజీ అంటే నాలుగు, డజను అంటే పన్నెండు. పాత మాటలే అయినా బిడ్డకు గుంపులుగా లెక్కపెట్టడం వీటితోనే వస్తుంది. అవ్వలు వేళ్ల కణుపుల మీద బొటనవేలితో లెక్కపెట్టేవాళ్లు, వేలికి మూడు, నాలుగు వేళ్లకు పన్నెండు. అది చూపించండి. మూడో ఎక్కం అక్కడే మొదలవుతుంది.

ఆటల్లో: వామనగుంటలు ఆడించండి. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. గుంటకు ఒక గింజ చొప్పున వేసుకుంటూ పోవడమంటే, ఒక మాటకు ఒక వస్తువు అనే సంగతి చేతికి నేర్పడమే. చింతగింజలు ఒకవైపు అరగదీసి అష్టాచెమ్మా ఆడించండి. నాలుగు గింజల్లో మూడు తెల్లగా పడితే లెక్కపెట్టకుండానే "మూడు" అంటారు. చూపుతోనే పోల్చుకోవడం అట్టా అలవాటవుతుంది. ఆ తర్వాత మూడు గళ్లు కదపాలి. చూపు, మాట, అడుగు, మూడూ ఒకేసారి.

మడి దగ్గర: నారు కట్టలు అందించేటప్పుడు లెక్క చెప్పించండి. గొర్రెలు దొడ్లోకి వచ్చేటప్పుడు, పాలకేంద్రంలో లీటర్లు పోసేటప్పుడు, నేలపట్టు చెట్ల మీద కొంగలు వాలినప్పుడు, ప్రతిదీ లెక్కే.

అంకె కోసం: బస్తాల మీద చూపించండి. యూరియా బస్తా మీద 45, డీఏపీ మీద 50. వీటిలో ఏది బరువు అని ఆరేళ్ల బిడ్డను అడగండి. మనం వడ్ల రకాలను అంకెలతోనే పిలుస్తాం గదా. 1010 అంటాం, 5204 అంటాం. మన నెల్లూరు మసూరి అయితే 34449. ఆ విత్తనం సంచి ముందు కూర్చోబెట్టి అందులో నాలుగులు ఎన్ని ఉన్నాయో వెతకమనండి. మూడు దొరుకుతాయి. చిన్నబిడ్డకు అది చాలు. మూడో తరగతి పిల్లోడిని మాత్రం, "మూడు నాలుగులూ ఒకటేనా?" అని అడగండి. ఒకటి నాలుగు వేలు, ఒకటి నాలుగు వందలు, ఒకటి నాలుగు పదులు. నిలబడిన చోటును బట్టి అంకె విలువ మారుతుంది. మనం ప్రతి ఏడూ చల్లే విత్తనం పేరులోనే ఈ పాఠం ఉంది.

కొన్ని జాగ్రత్తలు. వేళ్ల మీద లెక్కపెడితే తిట్టొద్దు. వేళ్లు దేవుడు ఇచ్చిన పలక, అవసరం తీరినాక బిడ్డే మానేస్తుంది. 3ను, 7ను తిరగేసి రాస్తే కొట్టొద్దు. ఆ వయసులో చాలామంది రాస్తారు, ఆరేడేళ్లకు సర్దుకుంటుంది. 6కు, 9కి తేడా తెలియకపోతే ఆరు గింజలు, తొమ్మిది గింజలు పక్కపక్కన పెట్టి అంకెలు ముందు రాయండి. పక్కింటి బిడ్డతో పోల్చొద్దు. లెక్క అంటే దెబ్బ అని మనసులో పడితే పదో తరగతి దాకా ఆ భయం పోదు. ఎక్కాలు ఇప్పుడే బట్టీ పట్టించొద్దు. మూడు గింజల కుప్పలు నాలుగు పెడితే పన్నెండు అని చూసినాక, "మూడు నాలుగుల పన్నెండు" నోటికి రావడం కష్టం కాదు, మళ్లీ మరిచిపోవడమూ ఉండదు.

ఎంతవరకు రావాలి అని కొలత అడిగేవాళ్లకు: కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలని దాని గురి. అందులో పెట్టుకున్న మెట్లు ఇవి. బడికి ముందు ఏడాది 10 దాకా అంకెలు గుర్తుపట్టాలి. ఒకటో తరగతిలో 99 దాకా, రెండులో 999 దాకా, మూడులో 9,999 దాకా చదవాలి, రాయాలి. చూడండి, అయిదేళ్ల బిడ్డకు సర్కారు అడుగుతున్నది పదే. మనం వంద కోసం తొందరపడుతుండాం. పది గట్టిగా వస్తే వంద దానంతట అదే వస్తుంది. పది వదులుగా ఉంటే వెయ్యి దాకా చెప్పినా నిలవదు.

ఆఖరుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇంట్లో చెప్పేవాళ్లు ఉన్న బిడ్డ ఎట్టాగో గట్టెక్కుతుంది. మన మళ్లలోకి నాట్లకు, కోతలకు వచ్చే కూలోళ్ల పిల్లలు, పులికాట్ నీళ్లలో చేపలకు పోయే యానాదుల పిల్లలు గట్టు మీద ఊరికే కూర్చుని ఉంటారు. వాళ్లమ్మకు, నాయనకు నడుం వంచితే తప్ప పూట గడవదు. కూర్చోబెట్టుకుని చెప్పే తీరిక ఎక్కడుంటుంది? మనం టీ తాగే పది నిమిషాల్లో ఆ బిడ్డను పిలిచి, "ఆ కట్టలు ఎన్ని నాయనా, లెక్కపెట్టు" అంటే మన సొమ్మేం పోదు. నేల మీద పుల్లతో 5 అని గీసి, అయిదు గడ్డిపరకలు పక్కన పెట్టండి. రేపు ఆ పిల్లోడు తన కూలి తాను లెక్క చూసుకుని అడుగుతాడు. ఇప్పుడే ఎందుకు నేర్పడం, రేపు మనల్నే అడుగుతాడు అనుకునేవాళ్లు కొందరు ఉంటారు. అడగనీయండి. లెక్క తెలిసిన మనిషితోనే వ్యవహారం సాఫీగా ఉంటుంది, ఇద్దరికీ అనుమానం ఉండదు.

ఈ రాత్రి అన్నాలు అయినాక ఒక గుప్పెడు చింతగింజలు తీసుకుని బిడ్డ పక్కన కూర్చోండి. పదే నిమిషాలు. అయిదుతో మొదలుపెట్టండి. "మొత్తం ఎన్ని?" అని అడగడం మాత్రం మరవొద్దు. రేపు మళ్లీ కూర్చోండి. బడి తెరిచేలోపు ఆ అయిదు గట్టిపడితే ఈ ఎండాకాలం మన ఇంట్లో ఒక పంట పండినట్టే.